హాలుకా... ఇంట్లోనా? లెక్క చూసుకుంటున్న ప్రేక్షకుడు

రేణిగుంట: శుక్రవారం కొత్త సినిమా విడుదలైతే గతంలో ఇంట్లో ఒకే ప్రశ్న వినిపించేది. ఏ ఆటకు వెళ్దాం? ఇప్పుడు దానికి ముందు మరో ప్రశ్న వచ్చి చేరింది. హాలుకు వెళ్లి చూడాలా, నెలాగి ఇంట్లోనే చూసుకోవాలా? గూడూరు, గుంతకల్లు, అరక్కోణం, కాట్పాడి వైపు రైలు మార్గాలు విడిపోయే ఈ జంక్షన్ ఊరికి తిరుపతి నగరం సుమారు పది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ మల్టీప్లెక్సులున్నాయి. చేతిలో ఫోనుంది, గోడకు టీవీ ఉంది. ఇన్ని తెరలు అందుబాటులో ఉన్నప్పుడు ప్రేక్షకుడు దేన్ని ఎంచుకుంటున్నాడు, ఎందుకు ఎంచుకుంటున్నాడు అన్నది ఆసక్తికరమైన విషయమే. చిన్న పట్టణాల్లోని సినిమా హాళ్ల భవితవ్యం, వాటిపై ఆధారపడిన వారి జీవనోపాధి ఈ ఎంపికతోనే ముడిపడి ఉన్నాయి.

జనం హాళ్లకు రావడం మానేశారని ఒక మాట, ఇంటి తెర ఎన్నటికీ హాలుకు సాటిరాదని మరో మాట తరచూ వినిపిస్తుంటాయి. రెండింటిలోనూ సగమే నిజం. హాల్లో చూసేవారు, ఇంట్లో చూసేవారు అంటూ రెండు వేర్వేరు వర్గాలు లేవు. సంక్రాంతికి కుటుంబ సమేతంగా హాలుకు వెళ్లిన మనిషే మరుసటి నెలలో వచ్చిన సినిమాను ఇంట్లో చూస్తాడు. ప్రతి సినిమాకూ అతడు కొత్తగా లెక్క వేసుకుంటాడు. ఆ లెక్కలో ప్రధానంగా నాలుగు అంశాలుంటాయి. మొత్తం ఖర్చు ఎంత? హాలు ఎంత దూరం? ఎన్నాళ్లు ఆగితే ఇంటికి వస్తుంది? ఎవరితో కలిసి చూడాలి?

పెట్టె కోసం ఎదురుచూసిన రోజులు

సినిమా వ్యాపార పరిభాషలో రాయలసీమను 'సీడెడ్' అంటారు. 1800లో నిజాం ఈ ప్రాంతంలో అధిక భాగాన్ని బ్రిటిషు వారికి అప్పగించినందున వచ్చిన దత్త మండలాల పేరు, సినిమా పంపిణీలో నేటికీ నిలిచిపోయింది. ఫిల్ము రీళ్ల కాలంలో ప్రతి పంపిణీ ప్రాంతానికీ పరిమిత సంఖ్యలోనే ప్రింట్లు వచ్చేవి. ఒక్కో ప్రింటుకు ఖర్చు ఎక్కువ కాబట్టి వాటిని ముందుగా పెద్ద పట్టణాలకు కేటాయించేవారు. అక్కడ ఆడిన తరువాతే రీళ్ల పెట్టె చిన్న పట్టణాలకు, ఆపై పల్లెల్లోని టూరింగ్ టాకీసులకు చేరేది. తెరపై గీతలు పడినా, మధ్యలో రీలు తెగినా ప్రేక్షకుడు ఓపిక పట్టేవాడు. ఆ సినిమా చూడటానికి వేరే దారి లేదు.

అప్పట్లో చిన్న పట్టణపు హాలుకు ఇదే పెద్ద బలం. ఆగలేని వారు నగరానికి వెళ్లి చూసేవారు. ఆగగలిగిన వారు ఊళ్లోనే తక్కువ ధరకు చూసేవారు. ఆలస్యంగా వచ్చినా సినిమా ఆ ఊరికి కొత్తదే. నేల టికెట్టు నుంచి బాల్కనీ దాకా తరగతులు ఉండటంతో కూలీ, ఉద్యోగి, వ్యాపారి ఒకే కప్పు కింద కూర్చునేవారు.

2000 దశకం రెండో సగం నుంచి క్యూబ్, యూఎఫ్‌ఓ వంటి డిజిటల్ ప్రదర్శన విధానాలు రావడంతో రీళ్ల పెట్టె క్రమంగా కనుమరుగైంది. ప్రింటు ఖర్చు తగ్గింది. తిరుపతిలో విడుదలైన రోజునే చిన్న పట్టణంలోనూ విడుదల చేసే వీలు కలిగింది. పైకి ఇది చిన్న హాళ్లకు పూర్తిగా మేలనిపించింది. మరోవైపు నగరంలో, పట్టణంలో, మండల కేంద్రంలో ఒకేసారి వందల తెరలపై ఆడటంతో సినిమా ఆయుష్షు తగ్గిపోయింది. యాభై రోజులు, వంద రోజులు ఆడిన సినిమాలు ఇప్పుడు రెండు మూడు వారాలకే వసూళ్లు ముగించుకుంటున్నాయి. నగరంలో ఆడి వచ్చిన సినిమాను నెమ్మదిగా చూసే ప్రేక్షకుడి కోసం కాచుకున్న హాలుకు ఆ అవకాశం పోయింది. 'ఆగి చూసే' ప్రేక్షకుడు అలాగే ఉన్నాడు. అతడు ఆగే చోటు మాత్రం ఊరి హాలు నుంచి ఇంటికి మారింది.

టీవీ నుంచి ఫోను దాకా

ఇంటి తెర పోటీ నేటిది కాదు. 1995లో జెమిని, ఈటీవీ ప్రసారాలు మొదలైన తరువాత తెలుగు ఇళ్లలో సినిమా నిత్యకృత్యమైంది. కేబుల్ తీగ వీధి వీధికీ వచ్చింది. ఆపై వీసీడీలు, డీవీడీల అద్దె దుకాణాలు వెలిశాయి. అయినా అప్పటి టీవీలో కొత్త సినిమా రావాలంటే చాలా నెలలు పట్టేది. ప్రకటనలతో కలిపి రెండున్నర గంటల సినిమా నాలుగు గంటలు సాగేది. అందువల్ల హాలుకు టీవీ నేరుగా పోటీ కాలేదు. హాల్లో చూసిన సినిమానే మళ్లీ చూసుకునే సాధనంగా మిగిలింది.

పరిస్థితిని మార్చింది చౌక డేటా. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత మొబైల్ డేటా ధరలు పడిపోయాయి. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమై నెలకు రూ.149కే టీవీ, ఇంటర్నెట్, ఫోను సదుపాయం ఇస్తామని ప్రకటించింది. తీగ సిద్ధమైంది, తెర సిద్ధమైంది. కొత్త సినిమా నేరుగా ఇంటికి రావడం ఒక్కటే మిగిలింది. కరోనా ఆ పని చేసింది.

2020 మార్చిలో హాళ్లు మూతపడ్డాయి. అదే నెలలో ఉగాదికి తెలుగు ఓటీటీ వేదిక 'ఆహా' మొదలైంది. సెప్టెంబరు 5న నాని, సుధీర్‌బాబు నటించిన 'వి' హాళ్లతో సంబంధం లేకుండా నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది. 2021లో వెంకటేష్ నటించిన 'నారప్ప', 'దృశ్యం 2' కూడా అదే బాటలో ఇళ్లకు వచ్చాయి. పేరున్న కథానాయకుడి కొత్త సినిమాను తొలిరోజే ఇంట్లో కూర్చుని చూడవచ్చునన్న అనుభవం ప్రేక్షకుడికి కలిగింది. హాళ్లు తిరిగి తెరుచుకున్నాయి గానీ ఆ అలవాటు మాత్రం పోలేదు.

రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ 2023 జూన్ 2న మరో ప్రయోగం చేసింది. 'నిరీక్షణ' అనే చిన్న చిత్రాన్ని విడుదల రోజే రూ.99 చెల్లించి 24 గంటలపాటు ఇంట్లో చూసే వీలు కల్పించింది. ఒక్కొక్కరికి కాక ఇంటికంతటికీ ఒకే ధర కావడం ఇందులోని విశేషం. పెద్ద చిత్రాలు ఈ దారిలోకి రాలేదు. అయినా ఇంటి తెర ధర, హాలు ధర వేర్వేరు పద్ధతుల్లో లెక్కకు వస్తాయన్న సంగతిని ఈ ప్రయోగం స్పష్టం చేసింది. హాల్లో తలకింత, ఇంట్లో గడపకింత.

ఎన్నాళ్లకు ఇంటికి?

ప్రేక్షకుడి నిర్ణయంపై అత్యధిక ప్రభావం చూపుతున్నది హాలుకు, ఓటీటీకి మధ్య ఉండే వ్యవధి. ఇది సినిమాకో తీరుగా ఉంటోంది. చిత్తూరు యాసలో, శేషాచలం ఎర్రచందనం నేపథ్యంలో తీసిన 'పుష్ప' 2021 డిసెంబరు 17న హాళ్లకు వచ్చి, 21 రోజులకే జనవరి 7న ఓటీటీలో ప్రత్యక్షమైంది. 2022 మార్చి 25న విడుదలైన 'ఆర్ఆర్ఆర్' మాత్రం ఎనిమిది వారాల తరువాత మే 20న ఇళ్లకు చేరింది. 2024లో 'కల్కి 2898 ఏడీ', ఆపై 'పుష్ప 2' కూడా ఎనిమిది వారాల వ్యవధి పాటించాయి. 2025 జనవరి 10న వచ్చిన 'గేమ్ ఛేంజర్' సరిగ్గా నాలుగు వారాలకు, ఫిబ్రవరి 7న ఓటీటీలోకి వచ్చేసింది.

2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు చిత్రీకరణలు నిలిపివేసి చర్చించుకున్న అంశాల్లో ఈ వ్యవధి కూడా ఒకటి. ఎనిమిది వారాలు ఉండాలని అప్పట్లో నిర్ణయించారు. తరువాత చాలా చిత్రాలు నాలుగు వారాలకే ఓటీటీకి వెళ్లాయి. ఇందుకు కారణం లేకపోలేదు. ఓటీటీ సంస్థ చెల్లించే మొత్తం ఎంత త్వరగా ఇస్తారన్నదాన్ని బట్టి మారుతుంది. పెట్టుబడి తిరిగి రాబట్టుకోవాల్సిన నిర్మాతకు ఆ సొమ్ము కీలకం. హాళ్లలో సినిమా నిలబడకపోతే ఎనిమిది వారాలు ఆగడం వల్ల అతడికి ఒరిగేదేమీ ఉండదు.

ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే నెల రోజులు పెద్ద గడువు కాదు. పరీక్షలో, పంట పనులో, బంధువుల ఇంట పెళ్లో వస్తే నెల ఇట్టే గడిచిపోతుంది. ఎనిమిది వారాలంటే మాత్రం నలుగురూ మాట్లాడుకునే సినిమా గురించి రెండు నెలలపాటు మౌనంగా ఉండాలి. అందుకే వ్యవధి పెరిగిన కొద్దీ హాలుకు వెళ్లాలన్న ఆలోచన బలపడుతుంది.

2025 సంక్రాంతి ఇందుకు మంచి ఉదాహరణ. జనవరి 14న విడుదలైన 'సంక్రాంతికి వస్తున్నాం' కుటుంబ ప్రేక్షకులను పెద్దఎత్తున హాళ్లకు రప్పించింది. 46 రోజుల తరువాత మార్చి 1న అది జీ తెలుగు టీవీలోనూ, జీ5లోనూ ఒకేసారి ప్రసారమైంది. పండుగకు హాల్లో చూసిన కుటుంబమే శనివారం సాయంత్రం ఇంట్లో మళ్లీ చూసింది. సినిమా జనానికి నచ్చితే హాలు, ఇల్లు ఒకదానికొకటి అడ్డు కావని ఇది చెబుతోంది.

టికెట్టు ఒక్కటే ఖర్చు కాదు

ధరల విషయంలో ఆంధ్రప్రదేశ్ ఇటీవలి సంవత్సరాల్లో రెండు కొసలనూ చూసింది. 2021 ఏప్రిల్ 8న రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 35 ప్రకారం గ్రామ పంచాయతీల్లోని ఏసీ హాళ్లలో టికెట్లను రూ.20, 15, 10గా, ఏసీ లేని హాళ్లలో రూ.15, 10, 5గా నిర్ణయించారు. అదే ఉత్తర్వులో నగరపాలక సంస్థల పరిధిలోని ఏసీ హాళ్లకు రూ.100, 60, 40 ధరలున్నాయి. అంటే తిరుపతిలో వంద రూపాయలున్న తరగతికి పంచాయతీ ఊరిలో ఇరవై రూపాయలు. యంత్రాలు, విద్యుత్తు, ఏసీ ఖర్చులు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే. ఆ ధరలకు హాలు నడపలేమని పలువురు యజమానులు చేతులెత్తేశారు. 2021 డిసెంబరులో అధికారుల తనిఖీల నడుమ రాష్ట్రంలోని అనేక చోట్ల, చిత్తూరు జిల్లాలోనూ కొన్ని హాళ్లు మూతపడ్డాయి.

2022 మార్చి 7న ప్రభుత్వం ధరలను సవరిస్తూ జీవో 13 ఇచ్చింది. నగర పంచాయతీలు, గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాళ్లకు రూ.20, 40గా, ఏసీ హాళ్లకు రూ.50, 70గా నిర్ణయించింది. నగరపాలక సంస్థల్లో ఏసీ హాళ్లకు రూ.70, 100గా, మల్టీప్లెక్సులకు రూ.150గా, వాలు కుర్చీలకు రూ.250గా పేర్కొంది. జీఎస్టీ వీటికి అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.100 వరకు ఉన్న టికెట్టుపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆపై ధర ఉన్న టికెట్టుపై 18 శాతం కొనసాగించారు.

ఆ ఉత్తర్వు ధరల ప్రకారం నలుగురున్న కుటుంబం లెక్క ఇలా ఉంటుంది. పంచాయతీ ఊరిలోని ఏసీ హాల్లో పై తరగతికి నలుగురికి రూ.280, పన్నుతో కలిపి రూ.294. తిరుపతి మల్టీప్లెక్సులో నలుగురికి రూ.600, పన్నుతో రూ.708. తేడా రూ.414. దీనికి రానుపోను ఆటో లేదా పెట్రోలు, విరామంలో పిల్లలకు కొనిచ్చే తినుబండారాలు, వాహనం నిలిపిన చోట చెల్లించేది కలపాలి. 2025-26లో ఉపాధి హామీ పథకం కింద రాష్ట్రంలో రోజు కూలి రూ.307గా ఉండేది. ఊరి హాల్లో సినిమా ఆ కుటుంబానికి ఒకరి ఒకరోజు కూలిలో సరిపోతుంది. నగరంలో రెండు రోజుల కూలి టికెట్లకే చాలదు.

పెద్ద చిత్రాలకు ప్రభుత్వ అనుమతితో తొలి రోజుల్లో ధరలు పెంచడం మామూలైంది. 2024 డిసెంబరు 4 రాత్రి వేసిన 'పుష్ప 2' ప్రత్యేక ఆటకు రూ.800 దాకా అనుమతించారు. నలుగురు వెళ్లాలంటే పన్ను సంగతి పక్కన పెట్టినా రూ.3,200. అభిమాని ఒక్కడే వెళ్లి రావచ్చు గానీ కుటుంబం వెళ్లలేదు. ధరలు మామూలు స్థితికి వచ్చేవరకు ఆగుదామని కుటుంబాలు అనుకుంటాయి. ఆ పది రోజులు గడిచేసరికి మరో సినిమా వస్తుంది, మొదటిది ఓటీటీకి వచ్చే రోజు దగ్గర పడుతుంది. తొలివారం పెంచిన ధర కొంతమంది ప్రేక్షకులను నేరుగా ఇంటి తెర వైపు పంపుతోందన్న మాట.

ఇంటి తెర ఉచితమేమీ కాదు. టీవీ కొనాలి, ఇంటర్నెట్ బిల్లు కట్టాలి, ఒక్కో వేదికకు ఒక్కో చందా చెల్లించాలి. ఒక సినిమా ఒకచోట, మరో సినిమా మరోచోట ఉండటంతో అన్నింటికీ చందా కట్టడం మధ్యతరగతికి భారమే. అయితే ఈ ఖర్చు నెలకోసారి కడితే కనిపించకుండా పోతుంది. హాలు ఖర్చు మాత్రం జేబులోంచి తీసిన ప్రతిసారీ కనిపిస్తుంది. 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో పెద్ద తెర ఇంటికి మరింత చేరువైంది.

ఈ రెండూ కాక మూడో దారి పైరసీ. దొంగచాటు కాపీల సైట్లు అటు హాలునూ, ఇటు చందా కట్టే ఇంటినీ దెబ్బతీస్తున్నాయి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం హాల్లో సినిమాను రికార్డు చేసినా, దాన్ని వ్యాప్తి చేసినా మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష, కనీసం రూ.3 లక్షల జరిమానా పడతాయి. 2025 నవంబరులో ఐబొమ్మ పేరిట నడిచిన పైరసీ సైటు నిర్వాహకుడిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు.

పది కిలోమీటర్లు దగ్గరా, దూరమా?

రేణిగుంటకు తిరుపతి దగ్గరే. బస్సులు, ఆటోలు నిత్యం తిరుగుతుంటాయి. అయితే సినిమాకు దూరాన్ని కిలోమీటర్లలో కాక వేళలో కొలవాలి. పగటి ఆటకు వెళ్లిరావడం తేలిక. సెకండ్ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ వేళ సొంత వాహనం లేని కుటుంబానికి పది కిలోమీటర్లే పెద్ద దూరమవుతుంది. చంటిబిడ్డలున్న తల్లులు, వృద్ధులు ఆ ప్రయాణానికి సాహసించరు.

రైల్వే ఉద్యోగులు, విమానాశ్రయంలోను, పరిసర పరిశ్రమల్లోను షిఫ్టుల్లో పనిచేసేవారు ఉన్న ప్రాంతమిది. షిఫ్టు వేళలకు, హాలు ఆటల వేళలకు పొంతన కుదరడం కష్టం. రాత్రి పని ముగించుకుని పగలు నిద్రపోయే మనిషికి ఎప్పుడంటే అప్పుడు ఆపి, మళ్లీ మొదలుపెట్టగల ఇంటి తెర అనుకూలం. దీనికి తోడు తమిళనాడు సరిహద్దు చేరువలో ఉండటంతో ఇక్కడివారిలో చాలామందికి తమిళ చిత్రాలూ ఇష్టమే. ఊరి హాలుకు రాని తమిళ, మలయాళ చిత్రాలను ఓటీటీ ఇంటికి తెచ్చింది. ఈ విషయంలో ఇల్లు హాలు ప్రేక్షకుణ్ని లాక్కోలేదు, హాలు ఎన్నడూ చూపని సినిమాలను చూపుతోంది.

అదే సమయంలో తెర మరీ గొప్పదైతే దూరం లెక్కలోకి రాదనడానికి కూడా ఈ జిల్లాలోనే నిదర్శనముంది. సూళ్లూరుపేట వద్ద జాతీయ రహదారి పక్కన సుమారు వంద అడుగుల వెడల్పు తెరతో నిర్మించిన 'వి ఎపిక్' 2019 ఆగస్టు 30న 'సాహో'తో ప్రారంభమైంది. చిన్న పట్టణం చెంతనున్న ఆ హాలుకు చెన్నై నుంచి సైతం ప్రేక్షకులు వచ్చారు. ఇంట్లో దొరకనిదేదో అక్కడ దొరుకుతుందన్న నమ్మకమే వారిని అంత దూరం రప్పించింది.

పాత సినిమాకు కొత్త టికెట్టు

హాల్లో దొరికేది ఏమిటన్న ప్రశ్నకు పాత సినిమాల పునర్విడుదలలు జవాబు చెబుతాయి. 2006 నాటి 'పోకిరి'ని 2022 ఆగస్టులో మహేష్‌బాబు పుట్టినరోజు సందర్భంగా హాళ్లలో మళ్లీ వేస్తే టికెట్లు ఎగబడి కొన్నారు. 2001 నాటి 'ఖుషి'ని 2022 డిసెంబరు 31న తిరిగి విడుదల చేసినప్పుడూ అంతే. ఈ సినిమాలు టీవీలో లెక్కలేనన్నిసార్లు వచ్చాయి. సంభాషణలు ప్రేక్షకులకు కంఠతా వచ్చు. అయినా డబ్బు పెట్టి హాలుకు వెళ్లారు. వారు కొన్నది కథను కాదు. పక్కవాడితో కలిసి ఈల వేయడాన్ని, పాట రాగానే లేచి నిలబడటాన్ని, వందల గొంతులు ఒకేసారి ఒకే మాట పలకడాన్ని కొనుక్కున్నారు.

హాస్య సన్నివేశానికి ఇంట్లో చిరునవ్వు వస్తుంది, నిండిన హాల్లో పడి పడి నవ్వుతాం. చీకట్లో ఫోను పక్కన పెట్టి రెండున్నర గంటలు ఒకేచోట కూర్చునే అవకాశం ఇంట్లో అరుదు. వంటింటి పిలుపు, తలుపు తట్టిన పొరుగువారు, పిల్లల హోంవర్కు మధ్యమధ్య వస్తూనే ఉంటాయి. ఇంటి పనిలో తలమునకలయ్యే గృహిణికి హాలు కేవలం వినోదం కాదు. ఆ మూడు గంటలు ఎవరూ ఆమెను పని అడగరు. ఇంట్లో సినిమా పెడితే మధ్యలో లేచి వెళ్లాల్సింది ఎక్కువగా ఆమే.

మరోవైపు హాలు అసౌకర్యాలు కూడా చిన్నవి కావు. శుభ్రత లేని మరుగుదొడ్లు, చిరిగిన కుర్చీలు, సరిగా వినిపించని ధ్వని, బయట ధరకు రెండు మూడు రెట్లు పలికే తినుబండారాలు ప్రేక్షకుణ్ని వెనక్కి పంపుతాయి. తొలిరోజు తొక్కిసలాట భయం మరొకటి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటరు వద్ద తొక్కిసలాటలో ఒక మహిళ మరణించిన ఘటన కుటుంబ ప్రేక్షకులను కలవరపరిచింది. మొదటి రోజుల రద్దీలో పిల్లలతో వెళ్లడం ఎందుకన్న ఆలోచన అప్పటి నుంచి మరింత బలపడింది.

హాలు నడిపేవారి లెక్క

ప్రేక్షకుడికి ఒక లెక్క ఉన్నట్లే హాలు యజమానికీ ఒకటుంది. పెద్ద సినిమాలకు ఒకే తెర ఉన్న హాళ్లు సాధారణంగా అద్దె పద్ధతిపై నడుస్తాయి. పంపిణీదారు వారానికి ఇంత అని అద్దె చెల్లిస్తాడు, టికెట్ల వసూళ్లు అతడికే వెళ్తాయి. హాలు నిండినా యజమానికి వచ్చేది అదే అద్దె. రెండో వారంలో వసూళ్లు పడిపోగానే, లేదా చిన్న సినిమా అయితే మొదటి నుంచే, వసూళ్లలో వాటా పద్ధతికి మారతారు. లాభం వచ్చే వారంలో అద్దె, నష్టం వచ్చే వారంలో వాటా అన్నది యజమానుల ఫిర్యాదు. మల్టీప్లెక్సుల్లో మొదటి రోజు నుంచే వాటా పద్ధతి అమలవుతుండగా తమకు ఎందుకు వర్తించదని వారి ప్రశ్న. ఈ డిమాండుతోనే 2025 జూన్ 1 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లో హాళ్లు మూసివేస్తామని మే నెలలో ప్రకటన వెలువడింది. తరువాత జరిగిన చర్చలతో ఆ మూసివేత ఆగింది.

ఏడాదిలో హాలును నింపే పెద్ద సినిమాలు కొన్నే వస్తాయి. మిగిలిన వారాల్లో చిన్న సినిమాలే ఆధారం. ఆ చిన్న సినిమాలనే ప్రేక్షకుడు 'ఇంట్లో చూద్దాంలే' అని వదిలేస్తున్నాడు. ఇరవై మంది వచ్చినా ఆట వేయాలి, విద్యుత్తు కాలాలి, సిబ్బందికి జీతం ఇవ్వాలి. ఈ లోగా హాలు ఉన్న స్థలం విలువ ఏటేటా పెరుగుతుంది. కల్యాణ మండపమో, గోదామో, దుకాణ సముదాయమో కడితే స్థిరమైన ఆదాయం వస్తుందన్న ఆలోచన సహజం. చిన్న పట్టణాల్లో చాలా హాళ్లు ఇలాగే రూపు మార్చుకున్నాయి. ప్రేక్షకులు పూర్తిగా రాకపోవడం వల్ల కాదు, ఏడాదిలో సగం వారాలు రాకపోవడం వల్ల హాలు మూతపడుతుంది.

హాలు మూతపడితే పోయేది తెర ఒక్కటే కాదు. ఆపరేటరు, బుకింగ్ గుమాస్తా, గేటు మనిషి, ఊడ్చేవారు, సైకిల్ స్టాండు, క్యాంటీను కౌలుదారులు, గోడలపై పోస్టర్లు అంటించేవారు, బయట వేరుశనగలు, టీ అమ్ముకునేవారు ఉపాధి కోల్పోతారు. వీరిలో ఎక్కువమందికి ఇతర పనుల్లో అనుభవం ఉండదు.

ఎంపిక మిగలాలంటే...

ఇంటి తెర వెనక్కి పోదు, పోవాలని కోరుకోవాల్సిన పనీ లేదు. మంచం దిగలేని వృద్ధుడికి, రాత్రి షిఫ్టు కార్మికుడికి, పరభాషా చిత్రాల ప్రియుడికి అది వరమే. చూడాల్సిందల్లా ప్రేక్షకుడికి రెండు దారులూ మిగులుతున్నాయా అన్నదే. సొంత కారు ఉన్నవారికి ఊరి హాలు లేకపోయినా తిరుపతి మల్టీప్లెక్సు ఉంటుంది. రోజు కూలితో నలుగురిని సినిమాకు తీసుకెళ్లాలనుకునే వారికి ఊరి హాలు పోతే మిగిలేది చేతిలోని ఫోను తెర మాత్రమే. వారి విషయంలో అది ఎంపిక అనిపించుకోదు.

పైన చూసిన లెక్కల్లోనే పరిష్కారాలూ ఉన్నాయి. పెద్ద సినిమాలకు ధరలు పెంచినప్పుడు చిన్న పట్టణాల్లోని కింది తరగతులను మినహాయిస్తే కుటుంబాలు తొలివారంలోనే వస్తాయి. హాలుకు, ఓటీటీకి మధ్య గడువు ఎంతో ముందే ప్రకటించి దానికి కట్టుబడితే ప్రేక్షకుడు నిర్ణయించుకోగలడు, హాలు యజమాని ప్రణాళిక వేసుకోగలడు. అద్దె, వాటాల వివాదాన్ని చిన్న హాళ్లకు ఊపిరాడే విధంగా తేల్చాలి. హాలు యజమానులు కూడా మరుగుదొడ్డి, కుర్చీ, తాగునీరు, ధ్వని అనే నాలుగింటిని సరిచూసుకోవాలి. నూరు రూపాయలు తీసుకున్న చోట ఇంటికన్నా హీనమైన సౌకర్యం ఇస్తే ఏ ప్రేక్షకుడూ రెండోసారి రాడు.

ఇవేవీ చేయకున్నా సంక్రాంతికి, పెద్ద హీరోల సినిమాలకు తిరుపతి హాళ్లు నిండుతాయి. వాటి మధ్య వచ్చే నలభై వారాల్లో చిన్న పట్టణపు హాలు తలుపులు తెరిచి ఉంటాయా లేదా అన్నది మాత్రం టికెట్టు ధర, ఓటీటీ గడువు, హాలు శుభ్రతలపై ఇప్పుడు తీసుకునే నిర్ణయాలే తేలుస్తాయి.